శీర్షం కదిపితే గాని తెలియదు

మన బి.ఎస్సీ. వాళ్లలో గోళం సమీకరణం చెప్పలేనివాడంటూ ఉండడు. శంకువు చెబుతాం, స్థూపం చెబుతాం, రెండు గోళాలు ఖండించుకుంటే వచ్చే వృత్తం చెబుతాం. అర్ధరాత్రి నిద్దట్లో లేపి అడిగినా చెబుతాం. అయితే ఆ గోళాన్నే కాస్త పైకి లాగి, మెడ దగ్గర నొక్కి, మూతి విప్పి ఒక కుండ చేసి చూపించవోయ్ అంటే తెల్లమొహం వేస్తాం. అది మన సిలబస్‌లో లేదంటాం. ఉందనీ, సిలబస్ నిండా ఉన్నది అదేననీ, మనమే దాన్ని గుర్తుపట్టలేదనీ చెప్పడానికి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. లెక్చరర్ గార్లు కోపగించుకోకూడదని ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను చెప్పబోయేది కంప్యూటరు మీద త్రిమితీయ వస్తువుల రూపాన్ని దిద్దడం గురించి. చెయ్యడం అనడం లేదు, దిద్దడం అంటున్నాను. తేడా ఉంది. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెర మధ్యన ఒక ఘనం దానంతటదే కూర్చుని ఉంటుంది. అది పెట్టడానికి మన తెలివి అక్కర్లేదు. కుర్చీ, కారు, కొబ్బరిచెట్టు కూడా ఎవరో చేసిపెట్టినవి దొరుకుతాయి. దించుకుని అతికించడమే పని. కాని ఆ ఘనం మీద ట్యాబ్ మీట నొక్కి ఎడిట్ మోడ్‌లోకి వెళ్లారంటే అప్పటిదాకా ముద్దలా ఉన్నది విచ్చుకుంటుంది. 8 శీర్షాలు, 12 అంచులు, 6 ముఖాలు. ఒక్క శీర్షాన్ని పట్టుకుని లాగండి. మూడు అంచులు దానితో వస్తాయి, మూడు ముఖాలు వంగుతాయి. ఎందుకు మూడే? ఎందుకు నాలుగు కాదు? ఈ ప్రశ్న నాకు తొమ్మిదో తరగతిలో రావలసింది. డిగ్రీ రెండో ఏట వచ్చింది.

పెందుర్తిలో మా ఇంటి పెరటి గోడకి ఒక ఎడ్లబండి చక్రం ఆనించి ఉంటుంది. బండి లేదు, ఎడ్లూ లేవు, దుక్కికి ట్రాక్టరు వచ్చాక రెండూ వెళ్లిపోయాయి. చక్రం ఒక్కటే ఎందుకు మిగిలిందో ఎవరూ చెప్పరు. కిందటి వేసవి సెలవుల్లో మా మావయ్య పాత ల్యాప్‌టాప్ ఇస్తే, నేర్చుకోవడానికి ఏదో ఒకటి కావాలి గదా అని ఆ చక్రాన్నే ఎదురుగా పెట్టుకున్నాను. నడిమి కుండ, దాంట్లో ఇరుసు దూరే బెజ్జం, పన్నెండు ఆకులు, ఒక్కో పూటీకి రెండు ఆకుల చొప్పున ఆరు పూటీలు, పైన ఇనప పట్టా. రెండు గంటల పని అనుకున్నాను. పదకొండు రోజులు పట్టింది.

మొదటి దెబ్బ కొట్టింది మా తాత. కుండ కోసం బ్లెండర్ ఇచ్చిన స్థూపం తీసుకున్నాను. దానికి మామూలుగా 32 శీర్షాలుంటాయి చుట్టూ. తాత వెనక నిలబడి చూసి, ‘‘ఏటిరా గుంటడా, ఆ గీతలెన్ని?’’ అన్నాడు. ముప్పైరెండని చెప్పాను. ‘‘పన్నెండాకులకి ముప్పైరెండు గీతలేటిరా? ఎలా సర్దుతావు?’’ అన్నాడు. నేను రెండు రోజుల్నుంచీ ఆకులు కుండకి సూటిగా తగలడం లేదేమిటా అని జుట్టు పీక్కుంటున్నది సరిగ్గా అందుకే. 12 తో 32 భాగింపబడదు. 24 పెట్టాలి, కాదంటే 36, కాదంటే 48. ఈ భాజనీయత సూత్రాలు చెప్పమంటే బోర్డు మీద చెబుతాను. మా తాత ఏ బడికీ పోలేదు, చక్రం చూసి చెప్పాడు.

రెండో దెబ్బ మరింత ఘాటుది. ఆకు ఒకటి చేసి, పొడుగు చాలకపోతే ఎడిట్ మోడ్‌లోకి వెళ్లకుండానే బయటినుంచి మూడింతలు సాగదీశాను. పొడవు సరిపోయింది. తరవాత అంచులు కాస్త చెక్కి మొద్దు చేద్దామని బెవెల్ చేస్తే ఒక దిక్కున వెడల్పుగా, ఒక దిక్కున సన్నగా వచ్చింది. రెండు సాయంత్రాలు దాంతో కుస్తీ పట్టాను. సంగతేమిటంటే, బయటినుంచి సాగదీసినప్పుడు శీర్షాల నిరూపకాలు మారనే మారవు. వస్తువుకి దాని సొంత అక్షాలుంటాయి, సాగింది ఆ అక్షాలు. లోపల లెక్క పాత కొలతలోనే జరిగి, బయటికి వచ్చేటప్పుడు మాత్రికతో గుణింపబడి వంకరగా కనిపిస్తుంది. ‘స్కేల్ అప్లై’ చేస్తే ఆ మాత్రిక శీర్షాల్లో ఇంకిపోయి అక్షాలు మళ్లీ మామూలవుతాయి. అయ్యా, ఇది మనం చదివిన అక్షాల పరివర్తనం కాదూ? ఆ పాఠానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. పాఠం మాత్రం పెందుర్తిలో, మా అరుగు మీద, బెవెల్ వంకరపోయిన రోజున అర్థమైంది.

సదిశల లబ్ధం సంగతి కూడా చెప్పనివ్వండి. ఎ క్రాస్ బి, బి క్రాస్ ఎ కి గుర్తు మారుతుందని అందరం రాస్తాం. మైనస్ మరిచిపోతే అర మార్కు కోస్తారు. అంతకు మించి ఆ మైనస్‌తో మనకి సంబంధం లేదు. కాని ఒక ముఖానికి శీర్షాల్ని ఏ వరుసలో చుట్టామో దాన్నిబట్టే దాని అభిలంబం బయటికి చూస్తుందా లోపలికి చూస్తుందా అన్నది తేలుతుంది. వరుస తిరగబడితే ముఖం బోర్లాపడ్డట్టే. వెలుగు నీడలు తప్పుతాయి, బొమ్మని ప్రింటరుకి పంపితే ఏది లోపలో ఏది బయటో దానికి తెలియదు. నా చక్రానికి ఒక పూటీ అలా తిరగబడి, చొక్కా తిరగేసి తొడుక్కున్నవాడిలా నల్లగా నిలబడింది. ఆ మైనస్‌ని మరిక జన్మలో మరిచిపోను.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆయిలర్ సూత్రం మనందరికీ వచ్చు. బహుముఖిలో శీర్షాల సంఖ్యలోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2. ఘనం మీద చూడండి, 8 లోంచి 12 పోయి 6 కలిస్తే 2. పై ముఖాన్ని ఎక్స్‌ట్రూడ్ చేసి పైకి లాగండి. శీర్షాలు 12, అంచులు 20, ముఖాలు 10 అవుతాయి. మళ్లీ 2. ఎంత లాగినా, ఎన్నిసార్లు కోసినా 2. కాని పై ముఖంలోనూ కింది ముఖంలోనూ చిన్న చతురస్రాలు చెక్కి, రెంటినీ కలుపుతూ నిలువునా బెజ్జం వేశారనుకోండి. శీర్షాలు 16, అంచులు 32, ముఖాలు 16. ఈసారి సున్నా! బెజ్జం ఒక్కటి పడితే లెక్కలోంచి 2 పోతుంది. రెండు బెజ్జాలైతే నాలుగు పోతుంది.

నేను పట్టుబట్టి చక్రం మొత్తాన్ని ఒకే ఒంటిగా చేశాను, నేర్చుకోవడానికి. ఆకుల మధ్య సందులు పన్నెండు, ఇరుసు బెజ్జం ఒకటి, వెరసి 13. అంచేత లెక్క 2 లోంచి 26 పోయి మైనస్ 24 రావాలి. బ్లెండర్ తెర మూలన శీర్షాలూ అంచులూ ముఖాలూ ఎన్నో చూపించే సదుపాయం ఉంది. కాగితం మీద కూడితే మైనస్ 22 వచ్చింది. మళ్లీ కూడాను. మైనస్ 22. అంటే ఎక్కడో ఒక సందు సందు కాదన్నమాట. వెతికితే తొమ్మిదో ఆకు దొరికింది. అది పూటీని తాకి ఊరుకుంది గాని పూటీలో కలవలేదు. చూపుకి ఏ తేడా లేదు, వెంట్రుక దూరదు. సూత్రం పట్టేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నవ్వకండి. తాతతో చెబితే, ‘‘మరి మేం చెయ్యేసి ఊపి చూసీవోళ్లం, ఏ ఆకు వదులో తెలిసిపోయీది’’ అన్నాడు, పెద్ద విశేషం కానట్టు.

ఇవన్నీ దిద్దుతుంటే తెలిసినవి. చూస్తే తెలియవు. చెబితే అసలే తెలియవు. అంచేతే దిద్దడం అన్న మాట మీద అంత పట్టుబడుతున్నాను.

మరొకటి కాగితం మీద చేసి చూశాను. 1978లో ఎడ్విన్ కాట్‌మల్, జిమ్ క్లార్క్ అనే ఇద్దరు ఒక పద్ధతి చెప్పారు, మోటు బొమ్మని నున్నగా చెయ్యడానికి. ఘనం 6 ముఖాలు మొదటి దఫాకి 24, తరవాత 96, తరవాత 384 అవుతాయి. చూడటానికి గోళమే. నేను గోళం సమీకరణం తీసి పరీక్ష పెట్టాను. ఘనం కేంద్రం నుంచి ముఖం 1 దూరంలో ఉంటే, మొదటి దఫా తరవాత ముఖం మధ్య బిందువు 1 దగ్గరే ఉంది, అంచు మధ్యలో పుట్టిన బిందువు సుమారు 1.06 దగ్గర, పాత శీర్షం సుమారు 0.96 దగ్గర. అంటే గోళంలా కనిపిస్తుంది గాని గోళం కాదు. కంటికీ సమీకరణానికీ మధ్య ఉన్న ఈ జగడం మన తరగతి గదిలో ఎన్నడైనా జరిగిందా? కాట్‌మల్ తరవాత పిక్సార్ సంస్థని స్థాపించినవారిలో ఒకడై, 2019 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమతి కూడా అందుకున్నాడు. అది వేరే కథ.

ఇదంతా పరాయి విద్య అనేవారున్నారు. ఏటికొప్పాక మనకి ఎంత దూరం? అక్కడ అంకుడు కర్రని చిత్రిక యంత్రానికి బిగించి తిప్పుతూ ఉలి ఆనించి చెక్కుతారు, తిరుగుతుండగానే లక్క రంగు పట్టిస్తారు. ఒక వక్రం అక్షం చుట్టూ తిరిగితే వచ్చే ఉపరితలం అంటే అదే. బ్లెండర్‌లో స్పిన్ అనే మీట చేసేదీ అదే. కొండపల్లి వారి దారి వేరు. తెల్లపొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అదొక రకం దిద్దుబాటు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వస్తే పేపర్లో చదివి గర్వపడ్డాం గాని, అందులో మన రెండో సెమిస్టరు పాఠం ఉందని ఎవరికీ తోచలేదు. ఓడల సంగతీ అంతే. మన హార్బరు పక్క షిప్‌యార్డుకి 1941లో పునాది పడింది, 1948 మార్చి 14న జల ఉష నీళ్లలోకి దిగింది. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఓడ ఒంటి వంపుల్ని పెద్ద హాలులో నేలమీద అసలు కొలతలతో గీసేవారు ఓడలు కట్టేవాళ్లు. సన్నని కర్రబద్దని బరువులతో వంచి నిలిపి, దాని వెంబడి గీత గీసేవారు. ఆ బద్ద పేరే ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో స్ప్లైన్ అని మిగిలింది.

ఇక ఆక్షేపణలకి వస్తాను. ‘‘ఇది ఇంజనీరింగు వాళ్లదీ, సినిమా వాళ్లదీ, సైన్సు వాడికెందుకు?’’ అంటారు. సినిమా వాళ్లదే అనుకుందాం. 2012లో వచ్చిన ‘ఈగ’కి స్పెషల్ ఎఫెక్ట్స్ కింద జాతీయ బహుమతి వచ్చింది. ఆ ఈగ మన హైదరాబాదులో పుట్టింది. లాట్వియా దేశపు ‘ఫ్లో’ అనే బొమ్మల చిత్రాన్ని ఇదే బ్లెండర్‌తో తీస్తే 2025లో ఆస్కారు వచ్చింది. ఈ బ్లెండర్ ఉచితం. దాన్ని తయారుచేసిన సంస్థ 2002లో మూతబడితే, వాడుకునే జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి విడిపించి, అదే సంవత్సరం అక్టోబరు 13న అందరిదీ చేశారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవడికీ అద్దె కట్టనక్కర్లేదు. మరి మావాళ్లు ఏం చేస్తున్నారు? మా పెదనాన్న కొడుకు టౌనులో ఒక చోట యానిమేషన్ కోర్సులో చేరాడు. రెండు పంటల డబ్బు కట్టారు. ఏ మీట ఎక్కడుందో నేర్పారు. మీట నొక్కితే లోపల ఏం జరుగుతుందో నేర్పలేదు. సాఫ్ట్‌వేర్ కొత్త రూపంలో వచ్చి మీటలు చోటు మారేసరికి అన్నయ్య మళ్లీ మొదటికి వచ్చాడు. వాడికి లెక్కలు రావని కాదు, ఇంటర్లో నాకు చెప్పినవాడే వాడు. ఆ లెక్కలూ ఈ మీటలూ ఒకటేనని ఆ కోర్సువాళ్లూ చెప్పలేదు, అంతకుముందు చదువు చెప్పినవాళ్లూ చెప్పలేదు.

‘‘ఇప్పుడు కృత్రిమ మేధ ఉంది, మాట చెబితే బొమ్మ చేసిపెడుతుంది, దిద్దడం దేనికి?’’ అన్నాడొక మిత్రుడు. నేనూ అడిగి చూశాను, బండి చక్రం చెయ్యమని. చేసింది. దూరం నుంచి బహు బాగుంది. దగ్గరికి వెళ్లి ముఖాలు చూస్తే ఎండిన చెరువు నేలలా ముక్కలు ముక్కలుగా వేల త్రిభుజాలు. ఆకులు పదకొండు. దాన్ని బాగుచెయ్యాలన్నా శీర్షం పట్టుకోవడం వచ్చినవాడే కావాలి. రేపు అవి మెరుగవుతాయేమో, కాదనను. అయినా పన్నెండుకి పదకొండు వచ్చిందని కనిపెట్టే కన్ను మనకి ఉండొద్దూ?

మూడో ఆక్షేపణ మా లెక్చరర్ గారొకరిది. ఆయన మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బొమ్మ కళ్లముందు ఆడుతుంటే నిరూపణ రాసే ఓపిక చచ్చిపోతుందన్నారాయన. నిజం. నాకూ అది అనుభవమే. మైనస్ 24 ఎందుకు రావాలో ఇప్పటికీ నిరూపించి రాయలేను, బెజ్జాలు లెక్కపెట్టి చెబుతాను అంతే. కాని చక్రం చెయ్యకముందు నాకు దాన్ని నిరూపించాలన్న కోరికే లేదు. ఇప్పుడుంది. ఏది నయం?

ఇంకా ఒకటి ఉంది, మా ఇళ్లల్లో అన్నింటికన్నా పెద్దది. పొలం. సర్వేవారి ఎఫ్.ఎం.బి. పటం ఎప్పుడైనా చూశారా? వంకరటింకర పొలాన్ని జి-లైను గీసి, దానిమీంచి ఆఫ్‌సెట్లు కొలిచి, త్రిభుజాలుగా కోస్తారు. గొలుసుకి 66 అడుగులు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం. కంప్యూటరు కూడా ఏ ముఖాన్నయినా త్రిభుజాలుగా కోసే గీస్తుంది. తేడా ఏమీ లేదు. రెండు పొలాలకి ఉమ్మడిగా ఉన్న మూల రెండు ముఖాలకి ఉమ్మడి శీర్షం. అది ఒక్కటై ఉన్నంతకాలం ఎటు కదిపినా ఖాళీ రాదు, ఇతను పోగొట్టుకున్నది అతనికి చేరుతుంది. కాని మీరు మీ మూల కొలుచుకుని, పక్కవాడు తన మూల కొలుచుకుంటే, ఒకటి ఉండవలసిన చోట రెండు శీర్షాలొస్తాయి. బ్లెండర్‌లో అయితే మెర్జ్ అని నొక్కితే కలిసిపోతాయి. గట్టు మీద కలవవు. మాకూ పక్కవారికీ మధ్య అలాంటి మూల ఒకటుంది. రెండు కుటుంబాలూ ఒకరి పెళ్లికి ఒకరు పోవడం మానేశాయి.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, ఉపగ్రహాల సంకేతాలు అందుకునే పరికరాలతో మూలలు గుర్తించారు. ఆ పటాలు చదవవలసింది ఎవరు? మా నాన్న చదవలేడు. నేను చదవాలి. ఒక మూలకి అటూ ఇటూ ఉన్న మూలల మధ్య నూరు మీటర్లు అనుకోండి. ఆ మూల లోపలికి ఒక్క మీటరు జరిగితే యాభై చదరపు మీటర్లు పోతాయి, అంటే సుమారు సెంటుంబావు. పెందుర్తిలో ఇప్పుడు ఎకరాల లెక్క ఎక్కడిది, గజాలే. అరవై గజాలన్నమాట. వీధిలో ఒక చిన్న ఇల్లు పట్టే జాగా. శీర్షం కదిపితే ముఖం ఎంత మారుతుందో తెర మీద వందసార్లు చూసినవాడు పటం మీద దాన్ని చూడగానే పట్టుకుంటాడు. సగం భూమి ఇంటూ ఎత్తు అని సూత్రం వల్లించినవాడు సంతకం పెట్టి వస్తాడు. నేను ఎక్కువ చెబుతున్నానని మీకనిపిస్తే, రైతు కుటుంబాల నుంచి వచ్చిన మీ పక్క బెంచీవాళ్లని అడగండి.

అంచేత యూనియన్ వారికీ, ప్రిన్సిపాల్ గారికీ నేను అడిగేది చాలా చిన్నది. కొత్త భవనం అడగడం లేదు, కొత్త కోర్సూ వద్దు. కంప్యూటరు ల్యాబు శనివారం మధ్యాహ్నం తాళం వేసి ఉంటుంది. ఆ మూడు గంటలూ తెరిపించండి. ఘన జ్యామితి పేపరు ప్రాక్టికల్‌లో ఒక్క లెక్కకి బదులు ఒక్క వస్తువు పెట్టించండి, ఎవరికి తోచిన వస్తువు వాళ్లు, ఇంట్లోంచి తెచ్చుకున్నది. శీర్షాలెన్ని, అంచులెన్ని, ముఖాలెన్ని, లెక్క ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది అని ఒక పేజీ రాయమనండి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లు భయపడనక్కర్లేదు. శీర్షం, అంచు, ముఖం, అభిలంబం, ఈ మాటలు మనకి ఏనాడో ఉన్నాయి. ఆ తెరమీది ఇంగ్లీషు పేర్లకి ఎదురుగా మన మాటలు రాసి ఒక కాగితం తయారుచేశాను, అచ్చుతప్పులతో సహా. కావలసినవారు తీసుకోవచ్చు. చక్రం ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంది.

ఆ చక్రం పూర్తయిందని మాత్రం అనుకోకండి. అంతా అయ్యాక గర్వంగా తిప్పి తిప్పి తాతకి చూపించాను. చాలాసేపు చూసి, ‘‘బాగుందిరా. సీలేదీ? సీల నేకపోతే ఇరుసునుంచి ఊడిపోదేటి?’’ అన్నాడు. సీల ఇంకా చెయ్యలేదు. దాని వంపు కుదరడం లేదు.